చీపుర్లు, సింకులు, చెత్తడబ్బా మూతలు: స్టాంప్ ప్రదర్శనకు వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మ ఇండియా నుంచి వచ్చిన ప్రతిసారీ ఆవిడని ఎక్కడికి తీసుకెళ్లాలన్నది నాకు పెద్ద ఆలోచనే. ఇంగ్లీషు నాటకానికి వెళ్తే మాటలు అందవు. మ్యూజియంలో గంట నడిచేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. ఒకసారి మాత్రం న్యూయార్క్‌లో స్టాంప్ అనే ప్రదర్శనకు తీసుకెళ్లాను. వేదిక మీదికి ఒకతను చీపురుతో ఊడ్చుకుంటూ వచ్చాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. కాసేపటికే ఆ ఊడ్పులో తాళం కుదిరింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "చూడవే, ముగ్గురం కలిసి వడ్లు దంచినట్టే ఉంది," అంది.

నేను అప్పటికే ఒకసారి చూసిన ప్రదర్శన అది. కానీ దాన్ని ఎలా వినాలో ఆ మాటతోనే నాకు తెలిసింది. ఒక రోట్లో మూడు రోకళ్లు పడాలంటే ఒకరిది దిగే వేళకు మిగతా ఇద్దరివీ పైన ఉండాలి. ఎవరు బలంగా దంచారన్నది కాదు అక్కడ లెక్క, ఎవరి వంతు ఎప్పుడన్నదే. స్టాంప్ మొత్తం ఆ వంతుల మీదే నడుస్తుంది. టికెట్టు కొనే దగ్గర్నుంచి ఇంటికొచ్చాక చేయాల్సిన దాకా అన్నీ చెప్తాను. ఆ వంతుని చెవి పట్టుకునేలా చేయడమే వీటన్నిటి ఉద్దేశం.

ముందు, మీరు చూడబోయేది ఏమిటి

స్టాంప్ (Stomp) అంటే ఉత్తరాల మీద అంటించే స్టాంపు కాదు. కాలు నేలకేసి గట్టిగా కొట్టడాన్ని ఇంగ్లీషులో అలా అంటారు. ల్యూక్ క్రెస్‌వెల్, స్టీవ్ మెక్‌నికోలస్ అనే ఇద్దరు కలిసి ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 1991లో దీన్ని తయారుచేశారు. ఇద్దరూ అంతకుముందు వీధుల్లో వాయించిన బృందం నుంచి వచ్చినవాళ్లే. అదే ఏడాది ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఆడారు. 1994 ఫిబ్రవరిలో న్యూయార్క్ సెకండ్ ఎవెన్యూలోని ఆర్ఫియం థియేటర్‌లో మొదలై, 2023 జనవరి 8 దాకా, అంటే దాదాపు 29 ఏళ్లు, అక్కడే నడిచింది. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో కూడా ఈ బృందం వాయించింది.

వేదిక మీద ఎనిమిది మంది ఉంటారు. మాటలుండవు, పాటలుండవు. మనం వాద్యం అని పిలిచే వస్తువు ఒక్కటీ కనబడదు. చీపుర్లు, బకెట్లు, చెత్తడబ్బాలు, వాటి మూతలు, అగ్గిపెట్టెలు, లైటర్లు, రబ్బరు గొట్టాలు, పాత్రలు తోముకునే సింకులు, దినపత్రికలు, వీటితోనే మొత్తం నడుస్తుంది. గంటన్నర పైనే ఉంటుంది, మధ్యలో ఇంటర్వెల్ ఉండదు.

ఆర్ఫియంలో ఆట ముగిసింది కాబట్టి, ఇప్పుడు అమెరికాలో చూడాలంటే పర్యటన బృందం మీ ఊరికి ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండాలి. దీనివల్ల ఒక పెద్ద తేడా వస్తుంది, సీట్ల దగ్గర చెప్తాను.

ఎవరెవరు వెళ్తున్నారో తేల్చుకోండి

ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు, అత్తమామలకు ఇంతకంటే మంచి ప్రదర్శన నాకు తెలియదు. భాష అడ్డం రాదు. మనం పక్కన కూర్చుని చెవిలో అనువదించే పని ఉండదు. అందరూ నవ్విన చోటే, అదే క్షణంలో వాళ్లూ నవ్వుతారు. పరాయి దేశంలో హాలు నిండా జనంతో కలిసి ఒకేసారి నవ్వడం పెద్దవాళ్లకు ఎంత అపురూపమో దగ్గరుండి చూశాను.

పిల్లల విషయంలో జాగ్రత్త. ఎంత వయసు నుంచి రానిస్తారన్నది ఒక్కో థియేటర్‌కు ఒక్కోలా ఉంటుంది, టికెట్టు కొనేముందే చూసుకోండి. రానిచ్చినా సరే, ఐదేళ్ల లోపు పిల్లలకు వద్దనే నా అభిప్రాయం. ఇంటర్వెల్ లేకుండా గంటన్నర కూర్చోవడం వాళ్లకు కష్టం. పైగా ఈ ప్రదర్శనలో కొన్ని ఘట్టాలు అగ్గిపెట్టె గిలక్కొట్టినంత చిన్న శబ్దం మీద నడుస్తాయి. అప్పుడు ఒక్క పిల్లవాడు ఏడ్చినా హాలంతటికీ పోతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకైతే ఇది పండగే.

హఠాత్తుగా పెద్ద చప్పుడైతే తట్టుకోలేని పిల్లలుంటే థియేటర్‌కు ఫోన్ చేసి అడగండి. కొన్ని థియేటర్లు అలాంటి పిల్లల కోసం లైట్లు పూర్తిగా ఆర్పకుండా, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనకుండా ప్రత్యేకంగా ఆటలు వేస్తుంటాయి. మీ ఊళ్లో వేస్తారో లేదో వాళ్లే చెప్తారు.

టికెట్టు, సీటు

గూగుల్‌లో వెతికితే పైన కనబడే లింకులు చాలావరకు టికెట్లు తిరిగి అమ్ముకునేవాళ్లవి. అవి దాటుకుని థియేటర్ సొంత సైటుకో, ప్రదర్శన అధికారిక సైటుకో వెళ్లండి. వీలైతే థియేటర్ కౌంటర్‌కే వెళ్లి కొనండి. ఆన్‌లైన్‌లో చివరి పేజీలో కలిసే రుసుములు చాలాచోట్ల అక్కడ తగ్గుతాయి, లేదా ఉండవు.

ఇక సీటు. ఆర్ఫియం చిన్న థియేటర్, సుమారు 350 సీట్లే. ఎక్కడ కూర్చున్నా చీపురు పుల్లలు నేలకు రాసుకునే చప్పుడు వినబడేది. పర్యటన బృందాలు ఆడే హాళ్లు చాలావరకు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి, కొన్నిచోట్ల రెండు వేల సీట్లు కూడా ఉంటాయి. అక్కడ సీటు ఎంపిక ముఖ్యం.

మొదటి రెండు మూడు వరుసలు వద్దని నేను చెప్తాను. ఖరీదైనవే, కానీ వేదిక ఎత్తు వల్ల వాయించేవాళ్ల పాదాలు సరిగ్గా కనబడవు. ఇందులో సగం తాళం పాదాల్లోనే ఉంది. నీళ్లతో చేసే ఘట్టం ఉంటే తుంపర్లు పడొచ్చు, చీపుర్ల ఘట్టంలో దుమ్ము లేవొచ్చు. కింది అంతస్తులో ఎనిమిదో వరుస నుంచి పదిహేనో వరుస మధ్య, పక్కలకు పోకుండా నడిమధ్యన దొరికితే అదే మంచి చోటు. అది దొరక్కపోతే పై అంతస్తు మొదటి వరుస. పైనుంచి చూస్తే ఎనిమిది మంది వేదిక మీద వేసే ముగ్గులాంటి అల్లిక మొత్తం కనబడుతుంది. బాల్కనీ వెనక వరుసలు మాత్రం వద్దు. కంటికి కనబడిన దెబ్బకీ చెవికి చేరిన చప్పుడుకీ మధ్య లిప్తపాటు ఎడం వస్తుంది. సెకనుకు 343 మీటర్ల వేగంతో వచ్చే శబ్దానికి 40 మీటర్లు దాటడానికి సెకనులో తొమ్మిదో వంతు పడుతుంది. మామూలు నాటకంలో అది తెలియదు. లయ మీదే ఆధారపడ్డ చోట తెలుస్తుంది.

చెవుల సంగతి

ఇది అందరూ దాటేసే విషయం. ప్రదర్శన ఆసాంతం పెద్ద చప్పుడేమీ ఉండదు గానీ, చెత్తడబ్బాలూ పీపాలూ కలిసి మోగే ఘట్టాల్లో గట్టిగానే ఉంటుంది. లెక్క ఇదీ: 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికాలో కార్మికుల కోసం చేసిన ఒక సిఫారసు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే మిగులుతుంది.

పిల్లలకు చెవుల మీద పెట్టే మఫ్‌లు తీసుకెళ్లండి. మెడలో వేసుకుని ఉంటే చాలు, కావలసినప్పుడు పైకి లాక్కుంటారు. పెద్దవాళ్లకు స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు పనికొస్తాయి కానీ అవి సన్నటి శబ్దాల్ని ఎక్కువగా మింగేసి అంతా దుప్పటి కప్పినట్టు చేస్తాయి. సంగీతకారులు వాడే రకం ప్లగ్‌లు దొరుకుతాయి. అవి అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి, శబ్దం తీరు చెడదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకునే పెద్దవాళ్లుంటే శబ్దం ఎలా తగ్గించుకోవాలో బయల్దేరేముందే ఇంట్లో ఒకసారి చేయించి చూడండి. చీకట్లో ఆ చిన్న మీట వెతుక్కోవడం వాళ్ల వల్ల కాదు.

వెళ్లే ముందు వారం: ఇంట్లో పదిహేను నిమిషాల సాధన

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే చేయడానికి తీరిక ఉంటే ఇది చేయండి.

ముగ్గురు కూర్చోండి. ముగ్గురి ముందూ మూడు వేర్వేరు వస్తువులు పెట్టుకోండి. ఒకరికి స్టీలు గ్లాసు, ఒకరికి బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా, ఒకరికి చాట ఉంటే చాట, లేకపోతే అట్టపెట్టె. వాయించడానికి చెక్క గరిటెలు. ఇప్పుడు ముగ్గురూ కలిసి నోటితో అనండి: తకిట తకిట తక. మొత్తం ఎనిమిది అక్షరాలు. మూడు, మూడు, రెండు.

నోటికి పట్టాక వంతులు పంచుకోండి. మొదటివాళ్లు ప్రతి 'త' దగ్గర కొడతారు, అంటే ఒకటి, నాలుగు, ఏడు. రెండోవాళ్లు దాని పక్క అక్షరం మీద, అంటే రెండు, ఐదు, ఎనిమిది. మూడోవాళ్లు 'ట' మీద, అంటే మూడు, ఆరు. చివరి 'తక'లో మూడోవాళ్లకు వంతు లేదు, ఊరుకోవాలి.

మొదట అందరూ తప్పుతారు. ముఖ్యంగా మూడోవాళ్లు ఆగాల్సిన చోట కొట్టేస్తారు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు మూడో వంతు ఇచ్చాను. గరిటె గాల్లోకి లేపి, పెదవి కొరుక్కుని, ఆ రెండు అక్షరాలూ దాటేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. నాలుగో రోజుకి కుదిరింది. కుదరగానే ఏం జరుగుతుందంటే, ముగ్గురి దెబ్బలు కలిసిపోయి ఎవరూ వాయించని ఒక పాట వినబడుతుంది. గ్లాసు కంగుమనేది విడిగా ఒక వరస, డబ్బా దబ్బుమనేది ఒక వరస. మీ చెయ్యి చేసేది రెండు మూడు దెబ్బలే, చెవికి మాత్రం ఎనిమిదీ మీవే అనిపిస్తాయి.

వేదిక మీద ఎనిమిది మంది చేసేది ఇదే. ఈ సాధన చేసి వెళ్లిన పిల్లలు "ఎంత గట్టిగా కొట్టాడో" అనరు, "చూడు, ఆ చివరాయన ఆగాడు" అంటారు.

ఆ రోజు

ముప్పావుగంట ముందు చేరండి. ఇది నేను పోగొట్టుకుని తెలుసుకున్నది. రెండేళ్ల కిందట పర్యటన బృందం మా దగ్గరి ఊరికి వచ్చినప్పుడు పార్కింగ్‌లో ఇరుక్కుని ఆరు నిమిషాలు ఆలస్యంగా చేరాం. లోపలికి పంపలేదు. తలుపు బయట నిలబడి చీపుర్ల ఘట్టాన్ని గోడ అవతల నుంచి విన్నాం. నేనూ, ఇంట్లో వారమంతా సాధన చేసిన పిల్లవాడూ. ఆ తలుపు ఆ ఘట్టం అయ్యాకే తెరిచారు. శబ్దం మీదే నడిచే ప్రదర్శనకు ఆ నియమం న్యాయమే, కానీ పిల్లవాడి మొహం ఇప్పటికీ గుర్తుంది.

ఇంటర్వెల్ ఉండదు కాబట్టి పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందే బాత్రూమ్‌కు తీసుకెళ్లండి. కరకరలాడే చిప్స్ ప్యాకెట్లు లోపలికి వద్దు. ఫోను సైలెంట్‌లో పెడితే చాలదు, ఆపేయండి. లైటర్ల ఘట్టం కటిక చీకట్లో జరుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు లైటర్ మూత టిక్కున తెరిచి వెలిగించి మూసేస్తుంటే, లయ కంటికి కనబడుతుంది. అక్కడ ఒక్క ఫోను వెలిగినా ఆ బొమ్మ చెదిరిపోతుంది. గాజుల గలగల కూడా ఆ నిశ్శబ్దంలో వినబడుతుంది. అమ్మ తనంతట తానే గాజులు మోచేతి వైపు తోసుకుని కూర్చుంది.

ఏ ఘట్టంలో ఏం వినాలి

ఘట్టాలు ఏళ్ల తరబడి మారుతూ వచ్చాయి, మీరు చూసే రోజు కొన్ని ఉండకపోవచ్చు.

చీపుర్లు: ఇవి మన కొబ్బరి చీపుర్లు కావు, పొడవాటి కర్రకి వెడల్పాటి బ్రష్ ఉన్నవి. ఒక్క చీపురులో మూడు శబ్దాలున్నాయి. బ్రష్ నేలకు రాస్తే సర్రుమంటుంది, బ్రష్ బిగించిన చెక్క నేలకు తగిలితే టక్కుమంటుంది, కర్ర కొస నేలకు పొడిస్తే ఇంకా పొడిగా ఠక్కుమంటుంది. వీటికి బూటు దెబ్బ నాలుగోది. మొదటి నిమిషం సర్రు మీదే చెవి పెట్టండి. మిగతావన్నీ దాని మీద కూర్చుంటాయి.

అగ్గిపెట్టెలు: ఊపడం, వేలితో తట్టడం, అర తెరిచి మూయడం. శబ్దం ఎంత చిన్నదంటే హాలంతా ముందుకు వంగుతుంది.

సింకులు: నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నీళ్లున్న స్టీలు సింకుని మెడకు తగిలించుకుని, చేతులకు రబ్బరు తొడుగులతో, లోపలి గిన్నెల్నీ కప్పుల్నీ వాయిస్తారు. ఇక్కడ జలతరంగం, అంటే నీళ్ల గిన్నెల్ని పుల్లలతో వాయించే వాద్యం, తెలిసినవాళ్లకు ఒక విషయం అందుతుంది. పింగాణీ గిన్నెలో నీళ్లు పెంచితే శ్రుతి తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది, ఎందుకంటే మోగే గోడ నీటి బరువుని కూడా మోస్తూ కంపించాలి. సింకులో నీళ్లు కదులుతుంటాయి కాబట్టి ఆ శ్రుతి దెబ్బ దెబ్బకీ కాస్త జారుతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకంలా. నీళ్లు ఒంపేసేటప్పుడు శబ్దం ఎలా మారుతుందో వదలకుండా వినండి. రేపు మీ ఇంట్లో గిన్నెలు తోముతుంటే అదే వినబడుతుంది.

దినపత్రికలు: ఒకరు పేపరు చదువుకుంటుంటే పక్కవాళ్లు విసిగిస్తారు. పేజీ తిప్పడం, నలపడం, దగ్గడం, అన్నీ లెక్కలోనే. నాన్న కాలం నాటి రైలు బోగీ గుర్తొస్తుంది.

గొట్టాలు: పొడవు ఎక్కువైతే స్వరం కిందికి, తక్కువైతే పైకి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో స్వరమే ఉంటుంది, కాబట్టి ఒక్క చిన్న వరస రావాలన్నా అందరూ కావాలి.

చివరికి పీపాలూ చెత్తడబ్బా మూతలూ వస్తాయి. మూతని నడిమధ్య కొడితే ఒక మోత, అంచు మీద కొడితే ఇంకొకటి. ఇద్దరు మూతలతో ఎదురెదురుగా తలపడే చోట కర్రసాము చూస్తున్నట్టే ఉంటుంది. మఫ్‌లు పైకి లాగాల్సింది ఇక్కడే.

చప్పట్లు: మీ వంతు

మధ్యమధ్యన, ఆఖర్లో తప్పకుండా, వాయించేవాళ్లలో పెద్దాయనలాంటి అతను జనంతో చప్పట్లు కొట్టిస్తాడు. అతను రెండు కొడితే మనం రెండు కొట్టాలి. తర్వాత చిక్కుపెడతాడు. సిగ్గుపడకండి, పెద్దవాళ్లని కూడా కొట్టమనండి. భజనలో చిడతలు పట్టిన చేతులకి ఇది కష్టమే కాదు. ఒక్క సూత్రం: అతని చేతులు ఆగాకే మీవి లేవాలి. మిగతా సమయంలో తాళం వెయ్యాలని ఎంత అనిపించినా వద్దు. మన కచేరీల్లో ఒడిలో తాళం వేసుకోవడం అలవాటు కదా, ఇక్కడ కూడా శబ్దం రాకుండా వేళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

ఇండియాలో ఉన్నవాళ్లు

స్టాంప్ మీ ఊరికి రాకపోతే బెంగ అక్కర్లేదు. కుండని కచేరీ వేదిక ఎక్కించిన సంప్రదాయం మనది. ఘటం ఉన్న కర్ణాటక కచేరీకి వెళ్లి తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, దాకా ఉండండి. చాలామంది అప్పుడే కాఫీకి లేస్తారు, మీరు లేవకండి. చెన్నైలో డిసెంబరు కచేరీల కాలం దీనికి బంగారం లాంటిది. తమిళనాడులోని మానామదురై ఘటాలకు పేరు. మెడ దగ్గర, పొట్ట మీద, అడుగున కొడితే ఒక్కోచోట ఒక్కో శబ్దం. మూతిని కడుపుకు ఆనించి నొక్కితే లోపలి గాలి కదిలి గుమ్కి అనే లోతైన నాదం వస్తుంది. ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ ఆ కుండని ప్రపంచమంతా తిప్పారు. మృదంగానికీ ఘటానికీ మధ్య ప్రశ్న, జవాబు నడుస్తూ, ఎడం చిన్నదవుతూ చివరికి ఇద్దరూ ఒకటయ్యే చోటుకి వచ్చినప్పుడు, పైన చెప్పిన వంతు ఇక్కడా వినబడుతుంది. పల్లెలో బంధువులుంటే, వడ్లు దంచిన తరం ఎవరైనా మిగిలి ఉంటే, ఒక రోటి పాట పాడించుకోండి, ఫోనులో రికార్డు చేసుకోండి.

ఇంటికొచ్చాక

చెవుల్లో గుయ్యిమంటుంటే శబ్దం ఎక్కువైందని అర్థం, ఆ రాత్రికి ఇయర్‌ఫోన్లు పెట్టకండి. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. పిల్లలు మాత్రం రాగానే వంటింట్లోకి పరుగెత్తుతారు. ఆపకండి. తకిట తకిట తక వెంటనే మళ్లీ వేయించండి, ఈసారి వేగం పెంచి. అపార్ట్‌మెంట్ అయితే స్టీలు గరిటెలు తీసేసి చెక్కవి ఇవ్వండి, డబ్బా కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. కింద ఇంటివాళ్లు పడుకుని ఉంటారు.